గాజు గోడ ఎంపిక కమిటీ

ప్యాడెల్ అనే ఆట ఒకటుందని మా ఊళ్ళో మొదట తెలిసింది మునిసిపల్ చైర్మన్ కూర్మినాయుడు గారికి. ఆయనకు తెలిసిన పాపానికి ఊరంతా తెలుసుకోవలసి వచ్చింది.

హైదరాబాదులో వియ్యంకుడి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన ఈ ఆట చూశారు. చుట్టూ అద్దాల గోడలు, మధ్యలో వల, వలకు అటూ ఇటూ ఇద్దరిద్దరు. వియ్యంకుడు తన బొజ్జను ముందుకు తోసుకుంటూ, చిల్లులున్న బ్యాటుతో బంతిని కొడుతున్నాడు. తప్పిపోయిన బంతి వెనకున్న అద్దానికి తగిలి మళ్ళీ ఆయన ముందుకే వస్తోంది. మన తప్పును గోడ సర్దిపెట్టే ఆట ఇది. పెద్దమనుషులకు నచ్చడంలో వింతేమీ లేదు.

ఊరికి తిరిగొచ్చిన వారంలోనే కౌన్సిల్ సమావేశం పెట్టించి, వియ్యంకుడి ఊళ్ళో ఉన్నది తన ఊళ్ళో లేకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలని చైర్మన్ గారు సభ్యులను అడిగారు. ఒక వార్డు సభ్యుడు మాత్రం లేచి ఈ ఆటకు నీళ్ళు కావాలా అని వాకబు చేశాడు. అక్కర్లేదని తెలియగానే తీర్మానం ఏకగ్రీవమైంది. మాకు కుళాయిల్లో రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి కాబట్టి, నీళ్ళు అడగని ఏ పథకమైనా ప్రజోపయోగమే.

మా ఊరి పేరు మీకు అనవసరం. సముద్రపు గాలి ఆరేసిన బట్టల్ని పక్కింటి పెరట్లోకి చేర్చేంత దగ్గర్లో, ఉత్తరాంధ్రలో ఉందని తెలిస్తే చాలు. నేను ఆ మునిసిపాలిటీలో సహాయ ఇంజనీరుని.

కోర్టు కట్టడానికి చదునైన స్థలం ఊరు మొత్తం మీద ఒక్కటే దొరికింది. అది హైస్కూలు ఆటస్థలం. అక్కడ ఆడపిల్లలు పొద్దునా సాయంత్రం ఖోఖో ఆడేవారు. వాళ్ళకు ఆట నేర్పే డ్రిల్లు టీచరు నూకరత్నం గారు సన్నటి మనిషి, గొంతు మాత్రం మునిసిపాలిటీ సైరనుకు అప్పిచ్చేంత ఉంది. ఆ జట్టులో అసిరితల్లి అనే తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. వాళ్ళమ్మ పనిచేసే జనపనార మిల్లు మూతపడింది. ఆ ఏడాది జిల్లా ఎంపికల్లో నెగ్గితే ప్రభుత్వ క్రీడా పాఠశాలలో సీటొస్తుంది. సీటొస్తే తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడే. రాకపోతే ఆ పిల్లను జీడిపప్పు బట్టీలో పనికి పెట్టడానికి మాట అయిపోయింది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, మా ఆఫీసులోనూ తెలుసు.

స్థలానికి కంచె వేసి గేటుకు తాళం వేసిన రోజున నూకరత్నం గారు వచ్చి, పిల్లలు ఎక్కడ ఆడాలని అడిగారు. మా కమిషనరు పట్నాయక్ గారు చాలా మర్యాదగా జవాబిచ్చారు. పని జరుగుతున్న చోట పిల్లలుండడం నిబంధనలకు విరుద్ధం. అద్దాలు బిగించిన మరుక్షణం గేటు తీస్తారు. టీచరు ఆ మాట నమ్మి వెళ్ళిపోయారు. అద్దాలు బిగించడానికి ఎన్నాళ్ళు పడుతుంది గనక!

పునాది పడింది. ఇనప చట్రాలు నిలబడ్డాయి. ఇక గాజు ఎంచుకోవడమే తరువాయి. ఎంచుకోవడం అనేది ఒక్క మనిషి చేస్తే నేరం, పదిమంది చేస్తే విధానం. కాబట్టి గాజు గోడ ఎంపిక కమిటీ ఏర్పడింది. అన్ని శాఖల అధికారులూ సభ్యులు, నేను కన్వీనరును. కన్వీనరంటే టీలు తెప్పించి, అందరూ చెప్పింది రాసేవాడు.

మొదటి సమావేశంలో అగ్నిమాపక అధికారి గాజు పగలకూడదన్నారు. ఒకవేళ పగిలితే పెంకులు గుచ్చుకోకుండా చిన్న చిన్న పలుకులుగా రాలాలన్నారు. ఇది సబబుగానే ఉంది. కమిషనరు గారు కళ్ళు మూసుకుని నా చేత రాయించారు.

"సదరు గాజు పగలని స్వభావము కలిగియుండవలెను. మరియు పగిలిన పక్షమున నిరపాయకరముగా పగులు స్వభావమును సైతము కలిగియుండవలెను."

తర్వాత తహసీల్దారు గారు మాది తుఫాన్ల ప్రాంతమని గుర్తుచేశారు. గాలిని అడ్డుకునే గోడ ఏదైనా గాలికి ఎగిరిపోతుంది కనక, గాలి ధారాళంగా గోడలోంచి పోవాలన్నారు. ట్రాఫిక్ ఎస్సై గారు మలుపులో బండి తోలేవాళ్ళ చూపుకు గోడ అడ్డురాకూడదన్నారు, అంటే అసలు కనపడకూడదని. అటవీ శాఖాయన గోరింకలు వచ్చి గుద్దుకోకూడదన్నారు. విద్యాశాఖాధికారి గారు దీర్ఘంగా ఆలోచించి, అద్దంలో ముఖం కనిపిస్తే ఆడపిల్లలు ఆట మాని జడలు సరిచేసుకుంటారు కాబట్టి ప్రతిబింబం నిషిద్ధమన్నారు. ఆరోగ్యాధికారి గారు కిళ్ళీ ఉమ్మి అంటుకోని గాజు అడిగారు. మా ఊరి గోడలు తెలిసినవాళ్ళెవరూ ఆయన్ను తప్పుపట్టలేరు. చివర్లో చైర్మన్ గారి సిద్ధాంతి కబురు పంపాడు, ఈశాన్యంలో బరువు ఉండరాదని.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఒకసారి మినిట్స్ లోకి ఎక్కిన అభ్యంతరం మళ్ళీ దిగదు. దింపాలంటే చెప్పినాయన తన మాట పొరపాటని ఒప్పుకోవాలి. అలాంటి అధికారి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. అందుకని ప్రతి సమావేశానికీ షరతులు పెరుగుతూ పోయాయి గాని ఒక్కటీ తగ్గలేదు.

విశాఖ నుంచి మహబూబ్ గారనే అద్దాల వ్యాపారి నమూనాలు పట్టుకొచ్చారు. ముప్పై ఏళ్ళుగా అద్దాలే బతుకైన మనిషి. మొదటి పలకను మెత్తటి గుడ్డ మీద బల్లకు ఆనించి నిలబెట్టి, బంతితో కొట్టారు, చేత్తో గుద్దారు, చివరికి భుజంతో తోశారు. పలక చెక్కుచెదరలేదు. కమిటీ మెచ్చుకుంది. మెచ్చుకుని ఊరుకుంటే బాగుండేది. ఏ కొత్త వస్తువు వచ్చినా కొబ్బరికాయ కొట్టడం మా ఆఫీసు రివాజు. రోడ్డు రోలరుకు కొట్టాం, జిరాక్సు మిషనుకు కొట్టాం, కొత్తగా వచ్చిన కమిషనరు గారి కుర్చీకి కూడా కొట్టాం. మా అటెండరు కాయ పట్టుకొచ్చి, రాయి కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, భక్తిగా ఆ పలక మూలకే కొట్టాడు.

ఇలాంటి గాజుకు బలమంతా నడుములో ఉంటుందట, మూల మీద దెబ్బ పడితే నిలవదట. ఆ సంగతి మహబూబ్ గారు చెప్పబోయేలోపే పలక మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోయింది. కాయ పగల్లేదు. మహబూబ్ గారికి మాత్రం ముఖం వెలిగిపోయింది. దోసెడు పలుకులు తీసుకుని నలిపి, ఒక్క చుక్క నెత్తురు రాలేదని అందరికీ అరచేతులు చూపించారు. మీరడిగినట్టే పగిలింది చూడండన్నారు.

అగ్నిమాపక అధికారి గారు తన కాగితం మీద రాసుకున్నారు: పగిలినది, కావున అనర్హము.

మహబూబ్ గారు రెండో పలక నిలబెట్టారు. ఇది ఇంకా మందం. అటెండరుకు అప్పటికే కాయ కసి ఎక్కింది. ఈసారి నడిమధ్యన కొట్టాడు. కాయ రెండు చెక్కలై, నీళ్ళు ఫైళ్ళ మీద పడ్డాయి. పలక అలాగే ఉంది. అందరం హమ్మయ్య అనుకున్నాం. అగ్నిమాపక అధికారి గారు మళ్ళీ రాసుకున్నారు: పగలలేదు, కావున పగులు తీరు నిర్ధారణ కాలేదు, అనర్హము.

మహబూబ్ గారు పలక మీది కొబ్బరినీళ్ళు తుడిచారు. తర్వాత మెల్లగా అడిగారు.

"సార్, మీకు పగలకుండా పగిలేది కావాలా, పగిలి కూడా పగలనిది కావాలా?"

ఆ ప్రశ్నను లిఖితపూర్వకంగా సమర్పించమని కమిషనరు గారు సెలవిచ్చారు. మహబూబ్ గారు తన గుడ్డ మడిచి పెట్టుకుని, పలుకులు గోనెలోకి ఎత్తుకుని, మాకందరికీ సలాము చేసి బస్సెక్కారు. మళ్ళీ రాలేదు. పిలిచినా రారని నాకు తెలుసు, అందుకే నేనూ పిలవలేదు.

ఈ లోపల పిల్లలు రైతుబజారు వెనక సిమెంటు రోడ్డు మీద ఖోఖో ఆడుతున్నారు. ఖోఖోలో కూర్చోవాలి, ఒక్క ఉదుటున లేవాలి, పడుతూ కూడా తాకాలి. మట్టి మీద పడితే దులుపుకుంటారు, సిమెంటు మీద పడితే తోలు లేచిపోతుంది. ఒకరోజు అసిరితల్లి మోకాళ్ళకు పసుపు పట్టించుకుని టీచరు వెంట మా ఆఫీసుకు వచ్చింది. అద్దాలు ఎప్పుడు పెడతారని నూకరత్నం గారు అడిగారు. పరిశీలనలో ఉందన్నాను. ఆ పిల్ల మోకాళ్ళ మీది పసుపులోంచి నెత్తురు ఊరుతోంది. ఆ మాట రాయడానికి మా ఫైల్లో గడి లేదు.

మార్చి నెల వచ్చింది. ఆ నెలాఖరులోగా పని పూర్తయినట్టు ధ్రువీకరణ పంపకపోతే గ్రాంటు వెనక్కి పోతుంది. గ్రాంటు వెనక్కి పోయిన కమిషనరును పైవాళ్ళు మన్యంలోకి పంపుతారు. చైర్మన్ గారు అప్పటికే వియ్యంకుడికి ప్రారంభోత్సవానికి రమ్మని చెప్పేశారు. పట్నాయక్ గారు కమిటీ మొత్తాన్నీ వెంటబెట్టుకుని ఖాళీ చట్రాల ముందుకు వచ్చి నిలబడ్డారు. మినిట్స్ నా చేత చదివించారు.

గాలి ధారాళంగా పోవాలని చదివాను. చట్రంలోంచి సముద్రపు గాలి వచ్చి ఆయన క్రాపు చెదరగొట్టింది. పోతున్నదని రాసుకోమన్నారు. చూపుకు అడ్డురాకూడదని చదివాను. అవతల మలుపులో వెళుతున్న ఆటో నంబరు కూడా స్పష్టంగా కనిపించింది. ప్రతిబింబం ఉండకూడదు, లేదు. ఉమ్మి అంటకూడదు, అంటదు. ఈశాన్యంలో బరువు ఉండరాదు, లేశమైనా లేదు. ఒక గోరింక అటునుంచి ఇటు ఎగిరి వెళ్ళింది, అటవీ శాఖాయన తలూపారు. పగలకూడదన్న షరతు దగ్గర మాత్రం అందరూ అగ్నిమాపక అధికారి వైపు చూశారు. ఆయన చట్రంలోకి వేలు పెట్టి చూసి, ఇది పగులుతుందని తాను చెప్పలేనన్నారు. పగిలినా ఎవరికీ గుచ్చుకోదని కూడా ఒప్పుకున్నారు.

పట్నాయక్ గారు గొంతు సవరించుకున్నారు.

"కమిటీ విధించిన షరతులన్నిటినీ నెరవేర్చుచున్న గాజు ప్రస్తుతము ఇక్కడ నెలకొనియున్నది. దీనికన్నా మేలైన గాజు మార్కెట్టులో లభ్యము కాదు. ఎవరికైనను అభ్యంతరము గలదా?"

అభ్యంతరం చెప్పాలంటే తను పెట్టిన షరతు తప్పనాలి. ఎవరూ చెప్పలేదు. అందరూ వరసగా సంతకాలు చేశారు, నేనూ చేశాను. గాజుకు పెట్టవలసిన సొమ్మును గాజు సంరక్షణ పద్దులోకి మార్చాం. సంరక్షణకు సూరన్న అనే వాచ్‌మన్‌ను వేసుకుని ఒక ఈల, ఒక నిచ్చెన, తుడిచే గుడ్డలు ఇచ్చాం. అతను మొదట్లో చట్రాల మధ్య గాలిని తుడుస్తూ తనలో తాను నవ్వుకునేవాడు. మొదటి జీతం అందాక నవ్వడం మానేశాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి, చట్రానికి బిగించిన తలుపులోంచి లోపలికి వెళ్ళారు. వెనకే మేమందరం తలుపులోంచే వరసగా వెళ్ళాం. హైదరాబాదు వియ్యంకుడు చుట్టూ చూసి, అద్దాలు ఇంకా పెట్టలేదా బావగారూ అని అడిగాడు. చైర్మన్ గారు ఆయన వైపు జాలిగా చూశారు.

"మీ ఊర్లో అద్దాలు కనపడతాయేటి బావా?"

వియ్యంకుడు తడిమి చూద్దామని చెయ్యి చాపాడు. ముద్రలు పడతాయి సార్ అని కమిషనరు గారు వినయంగా అన్నారు. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, అవునవును మంచి సరుకే అన్నాడు. హైదరాబాదులో ఉండే మనిషికి సరుకు తెలియదంటే పరువు తక్కువ కదా.

తర్వాత చైర్మన్ గారు మొదటి బంతి కొట్టారు. బంతి అద్దానికి తగిలి వెనక్కి రావలసింది పోయి, నేరుగా అవతలున్న పంట కాలవలో పడింది. బంతి గోడ పైనుంచి వెళ్ళిందని కమిషనరు గారు వెంటనే ప్రకటించారు. ఇంత బలమైన దెబ్బ తమ క్లబ్బులో ఎవరూ కొట్టలేదని వియ్యంకుడు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం చైర్మన్ గారి మీసం చూడాలి!

మర్నాడే నూకరత్నం గారు పిల్లలతో వచ్చారు. అద్దాలు బిగించారు కదా, మాటప్రకారం గేటు తీయమన్నారు. తీశాం. కాని అద్దాలున్నాయంటే అద్దాల నిబంధనలు కూడా ఉంటాయి. రబ్బరు బూట్లు లేనివాళ్ళు కోర్టులోకి రాకూడదు. ఖోఖో పిల్లలవి వట్టి కాళ్ళు. కోర్టు బయట ఆడుకోవచ్చు గాని, గాజుకు మూడడుగుల లోపు పరుగెత్తకూడదు. కోర్టు ఉన్నది సరిగ్గా ఆటస్థలం నడిబొడ్డున. మిగిలిన స్థలంలో పిల్లలు వరస కట్టి నిలబడగలరు గాని ఖోఖో ఆడలేరు. నెలల తరబడి ఆ పిల్లలు లేని గోడ చుట్టూ తిరిగి అటు నుంచి ఇటు వచ్చారు. సూరన్న ఈల వేసినప్పుడల్లా ఆగి, వెనక్కి జరిగారు. చూసేవాళ్ళకు నవ్వులాటే, నాకు మాత్రం మంటగా ఉండేది.

ఎంపికలు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం అసిరితల్లి ఒక పిల్లను తరుముతోంది. ఆ పిల్ల కోర్టు వార నుంచి తప్పించుకుని చట్రంలోంచి లోపలికి దూకింది. ఆట వేడిలో అసిరితల్లికి గోడ గుర్తు రాలేదు. ఆమె కూడా దూకి, ఆ పిల్ల వీపు తాకి, ఇంకో వైపు చట్రంలోంచి బయటికి వచ్చేసింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. సూరన్న ఈల నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఉండిపోయాడు. తర్వాత పరుగున మా ఆఫీసుకు వచ్చాడు.

"అద్దం పగిలిపోనాది బాబూ. అసిరితల్లి గుద్దీసింది."

అతన్ని అనడానికి లేదు. గాజు పగల్లేదంటే, పిల్ల దాంట్లోంచి ఎలా వెళ్ళిందని అడుగుతారు. అసలు గాజే లేదంటే, ఇన్నాళ్ళూ ఏం తుడిచావని అడుగుతారు.

విచారణ పెట్టారు. కమిషనరు గారి గదిలో కమిటీ అంతా కూర్చుంది. నూకరత్నం గారు గోడవారగా నిలబడ్డారు. ఆవిడ వెనక అసిరితల్లి తలవంచుకుని నిలబడింది. గాజు లేదని అనే ధైర్యం సంతకం చేసిన మాలో ఎవరికీ లేదు. కాబట్టి గాజు పగిలింది, పగలగొట్టింది ఈ పిల్ల, అని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ప్రభుత్వ ఆస్తికి ఉద్దేశపూర్వకముగా నష్టము కలిగించినందున, సదరు బాలిక పేరును జిల్లా ఎంపికల నుండి తొలగించవలసినదిగా సిఫారసు చేయడమైనది" అని పట్నాయక్ గారు నా చేత రాయించసాగారు. నా పెన్ను 'బాలిక' దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు, టీచరు కొంగు పట్టుకుంది.

నూకరత్నం గారు ముందుకు వచ్చారు. ఆ సైరను గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది.

"ఆ పిల్లది తప్పు లేదండి. నానే పగలగొట్టించినాను. ఒక్కటి కాదండి, నాలుగు పక్కలా ఉన్నవన్నీ పగిలిపోనాయి."

అన్నీ పగిలాయనడానికి రుజువేమిటని కమిషనరు గారు అడిగారు.

"ఎల్లి చూడండి బాబూ. ఎక్కడైనా ఒక్కటి మిగిలుంటే నాకు చూపించండి, ఉద్యోగం వదిలీసి ఎలిపోతాను."

చూడడానికి ఎవరూ లేవలేదు. తహసీల్దారు గారు కిటికీలోంచి బయటికి చూశారు. అగ్నిమాపక అధికారి గారు తన టోపీలో ఏదో వెతుక్కున్నారు. పట్నాయక్ గారు ఫైలు మూసి మళ్ళీ తెరిచారు. టీచరు మీద చర్య తీసుకోవాలంటే పంచనామా చెయ్యాలి. పంచనామాకు పగిలిన ముక్కలు కావాలి. ముక్కల కోసం వెతకడం మొదలుపెడితే ఇంకేం బయటపడుతుందో ఆయనకు బాగా తెలుసు. నన్ను పాత కాగితం చించెయ్యమని, కొత్తగా రాయమన్నారు. గాజు గోడలన్నీ ప్రకృతి వైపరీత్యం వల్ల సమూలంగా నశించాయి. బాధ్యులు ఎవరూ లేరు. ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు.

గోడలు లేని కోర్టు నిబంధనల ప్రకారం కోర్టు కాదు. కోర్టు కాని స్థలం హైస్కూలుదే. కొత్త గాజు ఎంపికయ్యేదాకా ఆటస్థలాన్ని పాఠశాలకు అప్పగిస్తూ ఉత్తర్వు వెలువడింది. సూరన్నను కుళాయిల పనికి మార్చారు. పట్నాయక్ గారి ఉత్తర్వు అందిన గంటకల్లా పిల్లలు చట్రాలకు చున్నీలు ఆరేసి, వాటి మధ్యలోంచి అడ్డదిడ్డంగా పరుగెత్తుతున్నారు. ఎంపికలకు అసిరితల్లి పేరు పంపారు. కాపీ నా బల్ల మీదికి వచ్చింది.

కొత్త గాజు ఎంచడానికి మళ్ళీ కమిటీ వేశారు. కన్వీనరుగా మళ్ళీ నన్నే వేశారు. ఈసారి పని పకడ్బందీగా జరగాలని చైర్మన్ గారు పిలిచి మరీ చెప్పారు. అందుకని జిల్లాలోని శాఖలన్నిటికీ, ఇంతకుముందు పిలవని మత్స్యశాఖకూ పశుసంవర్ధక శాఖకూ కూడా, గాజు మీద తమ తమ అభ్యంతరాలు తెలియజేయమని లేఖలు రాశాను. ఎప్పటిలోగా తెలియజేయాలో మాత్రం రాయలేదు.